‘టెండ్స్ టు’ అంటే ‘ఎప్పుడూ’ అని కాదు: ప్రోగ్రెస్ కార్డు నుంచి కొల్లేరు దాకా ఒక ఇంగ్లీషు మాట

పోయిన నెలలో ఒక రాత్రి పదిన్నరకి తాడేపల్లిగూడెం నుంచి మా ఆపా ఫోన్ చేసింది. గొంతులో ఏడుపు. తొమ్మిదో తరగతి చదివే పెద్దోడి ప్రోగ్రెస్ కార్డు వచ్చిందట. మార్కులు మరీ తీసికట్టు కాదు. కానీ లెక్కల టీచర్ కింద ఒక్క లైను రాసింది: ‘టెండ్స్ టు మేక్ కేర్‌లెస్ మిస్టేక్స్.’ దుల్హాభాయ్ అందులో ‘కేర్‌లెస్’ అనే మాట ఒక్కటే చూశారు. ‘వీడు అజాగ్రత్త మనిషని టీచరే రాసిచ్చింది, ఇంకేం చదువుతాడు’ అని అరిచారు, ఫోన్ లాక్కున్నారు. పిల్లాడు అన్నం తినకుండా పడుకున్నాడు.

‘ఆపా, ముందున్న రెండు మాటలు చదివావా?’ అన్నాను.

‘టెండ్స్ టు అంటే ఏంటి? చేయాలనుకుంటాడు అనేగా? కావాలని తప్పులు చేస్తున్నాడనేగా?’

ఆ రాత్రి నాకు అర్థమైంది, మన ఇళ్లల్లో ఈ చిన్న మాట ఎంత పని చేస్తోందో. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు అయిన కుటుంబాల్లో పిల్లల గురించి వచ్చే కాయితం మూడో భాషలో ఉంటుంది, దాని మీద తీర్పు మొదటి భాషలో పడుతుంది. మధ్యలో ఒక మాట జారిపోతే దెబ్బ పిల్లాడికి తగులుతుంది. అందుకని ‘టెండ్ టు’ సంగతి కాస్త తీరిగ్గా చెప్పుకుందాం.

మా ఆపా చేసిన పొరపాటు చాలామంది చేసేదే. ఆమె ‘టెండ్’ని ‘ఇంటెండ్’ అనుకుంది. ఇంటెండ్ అంటే ఉద్దేశం, మనం నియ్యత్ అంటామే, అది. ‘ఐ ఇంటెండ్ టు బికమ్ ఎ డాక్టర్’ అంటే నేను డాక్టర్ కావాలనుకుంటున్నాను. దీన్నే ‘ఐ టెండ్ టు బికమ్ ఎ డాక్టర్’ అని రాస్తే ‘నేను అప్పుడప్పుడూ డాక్టర్ అయిపోతూ ఉంటాను’ అన్నట్టు తయారవుతుంది. పిల్లల వ్యాసాల్లో ఈ వాక్యం నేను ఒకటికి రెండుసార్లు చూశాను, నవ్వుకున్నాను కూడా. కానీ తప్పు పిల్లలది కాదు. ఈ మాటలన్నీ ఒకే తల్లి పిల్లలు. లాటిన్‌లో ‘టెండెరె’ అంటే చాచడం, సాగదీయడం. చెయ్యి చాచితే ‘ఎక్స్‌టెండ్’. మనసుని ఒకదాని మీదికి గురిపెడితే ‘ఇంటెండ్’. ధ్యాస అటు పెడితే ‘అటెండ్’. నికాహ్‌కి ముందురోజు మనం బుక్ చేసుకునే టెంట్ హౌస్‌లోని ‘టెంట్’ కూడా ఇక్కడి నుంచే వచ్చింది, గుడ్డని లాగి కడతారు కాబట్టి. ‘టెండ్’ అంటే ఒక వైపుకి చాచుకుని ఉండటం, అటు వాలి ఉండటం. అందులో ఉద్దేశం లేదు, నియ్యత్ లేదు. అలా జరుగుతూ ఉంటుంది, అంతే.

దీనికి మన దగ్గర మాట లేదా అంటే, ఉంది. తెలుగులో ‘మొగ్గు’. తూకం వేసేటప్పుడు త్రాసు ఒక పక్కకి వాలడాన్ని మొగ్గు అంటాం. గూడెం ఉల్లిపాయల మార్కెట్‌కి వెళ్లొచ్చిన వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఉర్దూలో దీనికి వాడే మాట ‘రుజ్హాన్’. దాని అరబీ మూలం చూస్తే అదీ త్రాసు సంగతే, ఒక పళ్లెం రెండోదానికంటే బరువై కిందికి దిగడం. ‘మాయిల్’ అన్నా ‘ఝుకావ్’ అన్నా వంగడమే, వాలడమే. ఇంగ్లీషులో ‘ఇన్‌క్లైన్డ్ టు’, ‘లీన్ టువర్డ్స్’ అన్నప్పుడూ అదే బొమ్మ. ఇన్ని భాషలు తిరిగినా మనిషి ఆలోచన ఒక్కచోటికే వచ్చింది.

ఈ త్రాసు బొమ్మని మర్చిపోవద్దు. త్రాసు ఒక పక్కకి మొగ్గిందంటే రెండో పళ్లెం ఖాళీగా ఉందని కాదు. అందులోనూ సరుకుంది, కాకపోతే తక్కువ. ‘టెండ్స్ టు’ అన్న ప్రతి వాక్యంలోనూ ఆ రెండో పళ్లెం ఉంటుంది. మా పెద్దోడు లెక్కల్లో అజాగ్రత్త తప్పులు చేస్తూ ఉంటాడు అంటే, చేయని లెక్కలూ ఉన్నాయనే కదా.

‘చేస్తూ ఉంటాడు’ అన్నాను చూడండి. ‘టెండ్స్ టు’కి అసలైన తెలుగు అదే. డిక్షనరీ తెరిస్తే ‘ప్రవృత్తి కలిగియుండు’ అని కనిపిస్తుంది. అలా ఎవరూ మాట్లాడరు. మనం ‘వస్తూ ఉంటుంది’, ‘అంటూ ఉంటారు’, ‘మర్చిపోతుంటాను’ అంటాం. ‘కోపం వస్తుంది’ వేరు, ‘కోపం వస్తూ ఉంటుంది’ వేరు. మన ఇళ్ల ఉర్దూలో ‘అక్సర్ హోతా రహతా’ అంటాం కదా, సరిగ్గా అదే. పిల్లలకి ఈ ఒక్క ముక్క చెప్పండి చాలు, గ్రామర్ పుస్తకంలో అరపేజీ తగ్గుతుంది.

ఇక వాడకం. దీనికి కొల్లేరుని మించిన పాఠం నాకు దొరకలేదు. మన పిల్లలు బళ్లో రాసే వ్యాసాల్లో కొల్లేరు తప్పకుండా ఉంటుంది, అందులో ఒక తప్పూ తప్పకుండా ఉంటుంది: ‘కొల్లేరు ఫ్లడ్స్ ఎవ్రీ ఇయర్.’ కొల్లేరు ఏటా ముంచుతుంది. నిజమా? వానలు సరిగా లేని ఏళ్లు ఉన్నాయి, సరస్సు ఎండి నెర్రెలిచ్చిన వేసవులూ ఉన్నాయి. ఒక్క ఏడాది ముంచకపోతే చాలు, ఆ వాక్యం అబద్ధమైపోతుంది.

సరైన వాక్యం ఇలా ఉంటుంది: ‘కొల్లేరు టెండ్స్ టు ఫ్లడ్ వెన్ బుడమేరు అండ్ తమ్మిలేరు స్వెల్ టుగెదర్.’ బుడమేరు, తమ్మిలేరు ఒకేసారి పొంగితే కొల్లేరు ముంచుతూ ఉంటుంది. ఎందుకు ముంచుతుందో మీకు తెలిసిందే. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పళ్లెంలా ఉన్న లోతులేని సరస్సు. వచ్చే ఏర్లు చాలా ఉన్నాయి, సముద్రానికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. అదీ వంకర్లు తిరుగుతూ సుమారు 60 కిలోమీటర్లు పోవాలి. పైనుంచి నీళ్లు ఒక్కసారిగా దిగితే ఆ గొంతులో పట్టవు. దానికి తోడు చెరువు గట్లు అడ్డం. కారణం ఉంది కాబట్టే మొగ్గు ఉంది. ఇది గుర్తుంచుకోదగ్గ సంగతి: మంచి ‘టెండ్స్ టు’ వాక్యం వెనక ఎప్పుడూ ఒక ‘ఎందుకంటే’ ఉంటుంది.

ఇదే కొల్లేరుతో మిగతా మాటలూ తేల్చేద్దాం. 2024 సెప్టెంబర్ మొదటి వారంలో బుడమేరు విజయవాడని ముంచింది. ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి? కొల్లేరుకే. ఆ రోజు ఏలూరులో కూర్చుని ఇంగ్లీషు పేపర్‌కి వార్త రాసేవాడు ‘కొల్లేరు టెండ్స్ టు ఫ్లడ్ దిస్ వీక్’ అని రాయకూడదు. ‘ఈజ్ లైక్లీ టు ఫ్లడ్’ అని రాయాలి. ఎంచేతంటే ‘టెండ్’ అనేది పదేపదే జరిగేదానికి. ఈ వారం, ఈ ఒక్కసారి జరగబోయేదానికి ‘లైక్లీ’. అనుకున్నట్టే కొన్ని రోజులకి ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికి నీళ్లొచ్చి రాకపోకలు ఆగాయి, లంక గ్రామాలు చిక్కుకున్నాయి. ఆ లంక గ్రామాల గురించి చెప్పాలంటే మూడో మాట కావాలి: ‘ది లంక విలేజెస్ ఆర్ ప్రోన్ టు ఫ్లడింగ్.’ మనం ముంపు గ్రామాలు అంటాం.

‘ప్రోన్’ చిత్రమైన మాట. దాని అసలు అర్థం ముందుకి వాలిన, బోర్లా పడ్డ అని. 2021లో రెండో వేవ్ అప్పుడు ఆక్సిజన్ తగ్గిన వాళ్లని బోర్లా పడుకోబెట్టమని కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది, ‘ప్రోనింగ్’ అన్న మాట ఇంటింటికీ వచ్చింది. ఆ ‘ప్రోన్’, ఈ ‘ప్రోన్’ ఒకటే. ముందుకి వాలి ఉన్నవాడు పడేందుకు సిద్ధంగా ఉన్నట్టే కదా. అందుకే ఈ మాట చెడుకే వాడతారు. వరద, ప్రమాదం, జబ్బు, కోపం. ‘మా అమ్మాయి ఈజ్ ప్రోన్ టు ఫస్ట్ ర్యాంక్స్’ అంటే వినేవాళ్లు నవ్వుతారు, ఫస్ట్ ర్యాంకు ఏదో దగ్గు, జలుబు అయినట్టు. ‘టెండ్ టు’కి ఆ పేచీ లేదు, మంచికీ చెడ్డకీ పనికొస్తుంది: ‘షి టెండ్స్ టు డు వెల్ ఇన్ సైన్స్.’

హైవే మీద ‘యాక్సిడెంట్ ప్రోన్ ఏరియా’ అన్న బోర్డు చూస్తే మీరు బండి ఆపి వెనక్కి తిరగరు, నెమ్మదిగా పోతారు. ఇంట్లో అమ్మాయిలు కొనే ఫేస్‌వాష్ మీద ‘యాక్నీ ప్రోన్ స్కిన్’ అని ఉంటుంది. అంటే మొటిమలు ఇప్పుడు ఉన్న చర్మమనే కాదు, మొటిమలు వచ్చే తత్వమున్న చర్మం. మన నానీలు ‘వీడిది జలుబు తత్వం’, యునానీ హకీములు ‘మిజాజ్ సర్ద్ హై’ అనేది ఇలాంటిదే. డాక్టర్ చీటీలో ‘ప్రోన్ టు అలర్జీ’ అని రాస్తే జబ్బు వచ్చేసిందని కంగారుపడొద్దు. ఏ మందు పడదో అడిగి ఆ చీటీ దాచుకోండి.

చేపల చెరువులున్న వాళ్లకి ఈ వ్యాకరణమంతా పుట్టుకతో వచ్చినట్టే ఉంటుంది. కైకలూరు వైపు ఏ రైతునడిగినా చెబుతాడు, మబ్బు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తూ ఉంటాయని. రాత్రంతా నీళ్లలో ఆక్సిజన్ ఖర్చవుతుంది తప్ప కొత్తగా పుట్టదు. ఎండ వస్తేనే నాచు మళ్లీ ఆక్సిజన్ విడుస్తుంది. కాబట్టి తెల్లారేముందు అది బాగా తక్కువ. ‘ఫిష్ టెండ్ టు కమ్ అప్ బిఫోర్ డాన్.’ రైతు ఏం చేస్తాడు? రోజూ చేపలు చస్తాయని చెరువు అమ్ముకోడు. అలాగని ‘ఎప్పుడూ రావులే’ అని దుప్పటి ముసుగేసీ పడుకోడు. ఏరేటర్ సిద్ధంగా పెట్టుకుని నాలుగింటికి లేచి గట్టు మీదికి పోతాడు. ‘టెండ్ టు’ అన్న మాటని ఎలా తీసుకోవాలో ఆయనకి తెలిసినట్టు మా దుల్హాభాయ్‌కి తెలియదు (ఆయన ఇది చదువుతారు, ఫర్వాలేదు).

ఏలూరు తివాచీ ఇంట్లో ఉన్నవాళ్లు ఒకసారి దాని మీద చెయ్యి రాసి చూడండి. ఒక వైపు రాస్తే మెత్తగా పోతుంది, ఎదురు రాస్తే గరుగ్గా తగులుతుంది, రంగు కూడా కాస్త ముదురై కనిపిస్తుంది. ముడివేసి నేసిన ఊలు నూగు ఒక దిక్కుకి వాలి ఉంటుంది. మొగ్గు అంటే ఏమిటో పిల్లలకి చేత్తో తాకించి చెప్పాలంటే ఇదొకటి.

మరి ఎక్కడ వాడకూడదు? ఖాయంగా జరిగేదానికి వాడకూడదు. ‘సన్ టెండ్స్ టు రైజ్ ఇన్ ది ఈస్ట్’ అంటే ఏదో రోజు పడమట కూడా లేస్తాడేమో అనిపిస్తుంది. మన పండుగలతో చెబితే ఇంకా తేలిక. హిజ్రీ ఏడాది చాంద్రమానం, ఇంగ్లీషు ఏడాది కంటే సుమారు 11 రోజులు చిన్నది. కాబట్టి రంజాన్ ఏటా ముందుకి జరుగుతుంది. ఇది లెక్క, దీనికి ‘టెండ్స్ టు’ అక్కర్లేదు. కానీ గల్ఫ్‌లో ఉన్న మన వాళ్లకి ఈద్ మనకంటే ఒకరోజు ముందు వస్తూ ఉంటుంది. ఇది నెలవంక చూడటాన్ని బట్టి ఉంటుంది, ప్రతిసారీ అలాగే అవ్వాలని లేదు. ‘ఈద్ టెండ్స్ టు ఫాల్ ఎ డే ఎర్లియర్ ఇన్ ది గల్ఫ్’: ఇది మంచి వాక్యం.

చిన్న చిన్న సంగతులు గబగబా చెప్పేస్తాను. ‘టెండ్ టు’ తర్వాత క్రియ మామూలు రూపంలోనే ఉంటుంది: టెండ్స్ టు ఫర్‌గెట్, టెండ్స్ టు ఫర్‌గెటింగ్ కాదు. ‘ప్రోన్ టు’ తర్వాత మాత్రం ‘ఫర్‌గెటింగ్’ నప్పుతుంది. ‘ఐ యామ్ టెండింగ్ టు ఫర్‌గెట్’ అనకండి, మన ‘మర్చిపోతున్నాను’ అలవాటులో అలా వచ్చేస్తుంది కానీ చెవికి బాగోదు. లేదని చెప్పాలంటే ‘టెండ్ నాట్ టు’. ‘టెండ్స్ టు యూజువల్లీ’ అని రెండూ కలపక్కర్లేదు, ఒకటి చాలు. ‘యూజ్డ్ టు’ వేరే సంగతి, అది ఒకప్పుడు ఉండి ఇప్పుడు పోయిన అలవాటు. ‘లయబుల్ టు ఫైన్’ అని నోటీసులో ఉంటే అది మొగ్గు కాదు, జరిమానా వేసే అధికారం ఉందని అర్థం. దాన్ని తేలిగ్గా తీసుకోకండి.

ఇంకో వాడకం ఇంటర్వ్యూలకి వెళ్లే పిల్లలకి పనికొస్తుంది. ‘ఐ టెండ్ టు అగ్రీ’ అంటే ‘అప్పుడప్పుడూ ఒప్పుకుంటాను’ అని కాదు. ‘మీరన్నది సరేననిపిస్తోంది, కానీ పట్టుబట్టి చెప్పను’ అని. మర్యాదగా సగం తలుపు తెరిచి ఉంచడం. ఇది ఇళ్లల్లోనూ పనిచేస్తుంది. ‘మీరెప్పుడూ ఇంతే’ అంటే గొడవ, ఎందుకంటే అవతలివాళ్లు వెంటనే ‘ఎప్పుడూనా? పోయిన శుక్రవారం ఎవరు తెచ్చారు సరుకులు?’ అని మొదలుపెడతారు. ‘మీరు మర్చిపోతూ ఉంటారు’ అంటే వాదనకి అంత చోటుండదు.

అయితే ఈ మెత్తదనంలోనే ఒక మోసం దాగుంది, మన కుటుంబాలు దాన్ని కనిపెట్టాలి. ‘ముస్లింలందరూ పిల్లల్ని మదర్సాకే పంపుతారు’ అని ఎవరైనా అంటే మనం వెంటనే కాదంటాం. అదే మాట ‘ముస్లిం పేరెంట్స్ టెండ్ టు సెండ్ దేర్ చిల్డ్రన్ టు మదర్సాస్’ అని ఇంగ్లీషులో, సూటు వేసుకుని వస్తే తల ఊపేస్తాం. అందరూ అనలేదు కదా, మొగ్గు అన్నాడు కదా అని. కానీ మొగ్గు అన్నవాడు త్రాసు చూపించాలి. జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదికలో ఆ త్రాసు ఉంది. దేశంలో బడి వయసు ముస్లిం పిల్లల్లో మదర్సాకి వెళ్లేవాళ్లు ఒక లెక్క ప్రకారం 3 శాతం, మరో లెక్క ప్రకారం 4 శాతం. నూటికి ముగ్గురో నలుగురో అయితే త్రాసు ఎటు మొగ్గినట్టు? మదర్సా మంచిదా కాదా అన్నది వేరే చర్చ. ఇక్కడ ‘టెండ్ టు’ అనే మాటే తప్పు.

ఇది మనకీ వర్తిస్తుంది. ఆ ఊరివాళ్లు ఇలా, ఆ కులంవాళ్లు అలా, కొత్త కోడళ్లు ఇలా చేస్తూ ఉంటారు అని మనమూ అంటూ ఉంటాం. ఎంతమందిని చూశాం? ఇద్దర్నా, ఇరవైమందినా? కొల్లేరు గురించి ‘ముంచుతూ ఉంటుంది’ అనడానికి మన దగ్గర తరాల అనుభవం ఉంది, ఉప్పుటేరు అనే కారణం ఉంది. మనుషుల గురించి అనేటప్పుడు ఆ రెండింట్లో ఒక్కటైనా ఉందా అని నాకు నేనే అడుక్కుంటాను, చాలాసార్లు నోరు మూసుకోవలసి వస్తుంది.

మళ్లీ ఆ ఫోన్‌కి వస్తాను. ‘ఆపా, పొద్దున్నే దుల్హాభాయ్‌ని బడికి పంపు. టీచర్ని ఒక్కటే అడగమను. ఎందుకు చేస్తున్నాడని కాదు, ఎప్పుడెప్పుడు చేస్తున్నాడని’ అన్నాను. ఆయన గొణిగారు గానీ వెళ్లారు. టీచర్ ఆన్సర్ షీట్లు మూడు తీసి ముందు పెట్టిందట. మొదటి రెండు పేజీలు శుభ్రంగా ఉన్నాయి. తప్పులన్నీ ఆఖరి పేజీలోనే, అవీ మైనస్ గుర్తులు వదిలేయడం వల్ల. ‘టైమ్ అయిపోతోందని కంగారు సార్ వాడికి’ అందట ఆవిడ.

సాయంత్రం ఆపా మళ్లీ ఫోన్ చేసింది. వంటింటి గోడ గడియారం తీసుకొచ్చి పెద్దోడి టేబుల్ మీద పెట్టారట దుల్హాభాయ్. పది లెక్కలు ఇచ్చి, ఇరవై నిమిషాలని చెప్పి, పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారట. ‘మరి ఫోన్ ఇచ్చేశారా?’ అన్నాను. ‘పరీక్షలయ్యాక అంటున్నారు’ అంది.